పల్లెత్తు మాట

మా బావ మనుషుల మొహాలు చూడడు, నోళ్ళు చూస్తాడు. మా అక్కని మొదటిసారి చూసినప్పుడూ అంతే. అక్క కళ్ళు బాగుంటాయని ఊరంతా అంటుంది. ఈయనగారు మాత్రం ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో, "అమ్మాయికి పై వరసలో ఎడమ కోరపన్ను కాస్త ముందుకొచ్చింది. అదే అందం" అన్నాడట. ఆ మాట ఎలాగో అక్క చెవిన పడింది, మనసు పారేసుకుంది. ఎవరి పిచ్చి వారికానందం.

బావ కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టరు ముందు గదిలో ఏసీ కింద తెల్లకోటుతో ఉంటే, బావ వెనక గదిలో ప్లాస్టరు దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉంటాడు. ఆ గది గోడలకి చెక్క అరలు, అరల నిండా నోళ్ళు తెరుచుకున్న తెల్లటి ప్లాస్టరు దవడలు. ఒక మూల మైనం కరిగించే చిన్న మంట, ఇంకో మూల మెరుగుపెట్టే చక్రం, కిటికీ దగ్గర బల్ల మీద లేత గులాబీ రంగు చిగుళ్ళు. మొదటిసారి చూసి వచ్చాక రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు. మా ఊళ్ళో సగం మంది పెద్దవాళ్ళ నవ్వు ఆ గదిలోంచే వచ్చింది. ఎవరివి సొంతవో, ఎవరివి కావో బావకి తెలుసు, అడిగితే మాత్రం చచ్చినా చెప్పడు. దారిలో కొందరికి ఆగి మరీ నమస్కారం పెడతాడు. పేరడిగితే తెల్లమొహం వేస్తాడు. ఆ నమస్కారం పళ్ళకి.

బళ్ళో దంత్యాలని చదువుకున్నాం కదా, త థ ద ధ న ల స. మనమంతా పరీక్ష రాసి మర్చిపోయాం. బావ వాటి మీదే బతుకుతున్నాడు. కొత్త పళ్ళు నోట్లో పెట్టగానే ఎవరి చేతైనా ఒకటే వాక్యం చెప్పిస్తాడు: "సన్నాసి సంచిలో సన్న సూది." పళ్ళు కుదిరితే 'స' నికార్సుగా వస్తుంది. సందెక్కువైతే ఈల వేస్తుంది. ఆ వాక్యం ఆయన సొంత కవిత్వం. గొప్ప గొప్ప ఉద్యోగాలు వెలగబెట్టినవాళ్ళు కూడా ఆ కుర్చీలో కూర్చుని బుద్ధిగా సన్నాసి, సన్నాసి అని వల్లించి పోయారు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ మరదలికి ఇంత నోరేమిటని అనుకుంటారు. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాను. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని, పరాయివాళ్ళు చెయ్యబోయే తప్పులకి ముందుగా భయపడటం నా ఉద్యోగం. అరవకపోతే ప్రాణాలు దక్కవు. అయినా నా నోరు ఉద్యోగంతో వచ్చింది కాదు, అమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

అమ్మ రిటైరయ్యేదాకా బస్టాండులో అనౌన్సరు. ఉద్యోగమంతా ఒకే అద్దాల గదిలో, ఒకే మైకు ముందు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆమె మొదలుపెడితే వేరుశెనక్కాయలు వలిచే చేతులు కూడా ఆగేవి. ఇంట్లోనూ అదే గొంతు. నన్ను తిట్టేది, అక్కని తిట్టేది, కుళాయిని తిట్టేది, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని తిట్టేది. మేము కింద వాటాలో, అక్కాబావా పై వాటాలో. బావ మెట్లు దిగి వస్తే చాలు, ఆ గొంతు వెన్నపూస అయిపోయేది. "రండి అల్లుడుగారూ, కూర్చోండి అల్లుడుగారూ." ఇన్నేళ్ళలో ఆయన్ని పల్లెత్తు మాట అని ఎరగదు.

అది గొప్ప అదృష్టమని నేననుకునేదాన్ని. ఒకసారి అదే మాట బావతో అంటే, ఆయన మైనం గీకుతూ తలెత్తకుండా అన్నాడు.

"మిమ్మల్నందర్నీ తిడతారు. నన్నొక్కణ్ణే తిట్టరు. అంటే నేనింకా చుట్టాన్నేగా మరదలా?"

"పోనీ నేను తిట్టనా?"

"నువ్వు తిడితే ఏం లాభం? నువ్వు ట్రాఫిక్ లైటుని కూడా తిడతావు."

ఇంత బుద్ధిమంతుడికీ ఒక దురద ఉంది. దాని పేరు జియోక్యాషింగ్. మొదట విన్నప్పుడు ఏదో బ్యాంకు వ్యవహారమనుకున్నాను. తీరా చూస్తే డబ్బాలతో ఆడే దాగుడుమూతలు. ఒకడు చిన్న డబ్బాలో బొత్తామో, బొమ్మో పెట్టి ఏ రాళ్ళ సందులోనో దాచి, ఆ చోటు గుర్తు ఫోన్లో పెడతాడు. మిగతావాళ్ళు ఫోన్లు పట్టుకుని చెట్టూ పుట్టా గాలిస్తారు. దొరికాక లోపలున్న కాగితం మీద పేరు గీకి, నచ్చిన వస్తువొకటి తీసుకుని, బదులుగా తమదొకటి పెట్టి, డబ్బాని ఎక్కడిదక్కడ దాచి వస్తారు. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే. వీళ్ళు ఆ ఎలుకనైనా ఇంటికి తెచ్చుకోరు.

క్లినిక్కు నుంచి మా ఇంటికి నది పక్కన నడకదారి ఉంది. రాళ్ళు పరిచిన దారి, ఒక పక్క రెల్లు, ఇంకో పక్క పాత రాతిగోడ, మధ్యమధ్య బెంచీలు, చివర పడవల రేవు. సాయంత్రం నీళ్ళ మీద ఎండ పడితే తిట్టడానికి నాక్కూడా ఏమీ దొరకనంత బాగుంటుంది. ఊరంతా అక్కడ నదిని చూస్తూ నడుస్తుంది. బావ బెంచీల కింద చూస్తూ నడుస్తాడు. అక్కడి కాపలాదారు ఆయన్ని ఎన్నిసార్లు ఆపి ఏం పోయిందని అడిగాడో.

బావ దాచేది నీలం డబ్బాల్లో. అవి కట్టుడు పళ్ళు పెట్టుకునే డబ్బాలు, క్లినిక్కులో కావలసినన్ని ఉంటాయి. మూత గట్టిది, వానకి తడవదు.

"ఏమండీ, పళ్ళ డబ్బా అదే, ఆట డబ్బా అదే. ఏదో ఒకరోజు మార్చేస్తారు" అని అక్క చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"నా పని నాకు తెలీదా?" అన్నాడు బావ. మగవాడు ఆ మాట అన్నాడంటే ముహూర్తం దగ్గరపడిందని అర్థం.

ఇంతలో అమ్మ చిగుళ్ళు పాడయ్యాయి. డాక్టరు ఉన్న పళ్ళన్నీ తీసేశాడు. అమ్మ మొదటి సెట్టు అల్లుడి చేత చేయించుకోలేదు. అల్లుడి ముందు బోసినోరు తెరవడమా, ఎంత అప్రదిష్ట! ఎక్కడో ఊరవతల ఎవడి దగ్గరో చేయించుకుంది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు గానీ, పెట్టుకోవడానికి మాత్రం ఎవడైతే వాడు పనికిరాడు. పాత స్నేహితురాళ్ళు వచ్చిన రోజున అమ్మ ఏదో జోకుకి పగలబడి నవ్వింది, పై సెట్టు ఎదుటావిడ కాఫీ కప్పులో పడింది.

ఆ రోజు నుంచి అమ్మ నోరు తెరవలేదు. మొహానికి స్కార్ఫు చుట్టుకుంది. సైగలు చేసేది, లేకపోతే గ్లాసు బల్ల మీద కొట్టేది. తినడం కూడా తలుపేసుకునే. మొదటి వారం నాకు పండగలా ఉంది. రెండో వారం నేను కావాలని తడి తువ్వాలు మంచం మీద పడేశాను, ఒక్క తిట్టు వస్తుందేమోనని. అమ్మ దాన్ని తీసి దండెం మీద ఆరేసి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. ఎన్ని చెప్పినా, తిట్టని అమ్మతో ఎలా బతకాలో నాకు తెలీదు.

అప్పుడు బస్టాండు నుంచి కబురొచ్చింది. పాత బస్టాండు మూసేస్తున్నారు. సోమవారం పొద్దున అక్కణ్ణుంచి ఆఖరి బస్సు కదులుతుంది, ఆ తర్వాత అంతా కొత్త భవనమే, అక్కడ ప్రకటనలు చేసేది యంత్రం. ఆఖరి ప్రకటన మీరే చెయ్యాలి మేడమ్ అని డిపో మేనేజరు స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. అమ్మ స్కార్ఫు వెనక నుంచి ఆయన్ని చూసింది, తర్వాత మెట్ల మీద నిలబడ్డ బావని చూసింది. సరేనని తలూపింది. అంత అభిమానం గల మనిషి అల్లుడి ముందు నోరు తెరవడానికి ఒప్పుకుందంటే, ఆ మైకు కోసమే.

బావ ఆ పళ్ళ మీద పడ్డ కష్టం ఏ శిల్పీ పడి ఉండడు. అమ్మ వయసులో ఉన్నప్పటి ఫోటోలన్నీ ముందేసుకుని, ఒక్కో పన్నూ ఎంచి, పక్కపక్కన రెంటిని కావాలనే కొంచెం వంకరగా పెట్టాడు. చిగుళ్ళ మీద జుట్టు కంటే సన్నటి ఎర్ర నరాలు దించాడు. మైనం పళ్ళు పెట్టి చూసే రోజున మాత్రం చిక్కొచ్చింది.

"అత్తయ్యా, సన్నాసి సంచిలో సన్న సూది అనండి."

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"అనాలత్తయ్యా. అంటేనే స ఎలా ఉందో తెలుస్తుంది."

అమ్మ నన్ను పక్కకి లాగి నా చెవిలో, "అల్లుడి మొహం మీద హన్నాహి అంటానా? ఛీ!" అని గుసగుసలాడింది. మైనం పళ్ళు అప్పటికే తీసి చేత్తో పట్టుకుంది. చివరికి అవి మళ్ళీ పెట్టుకుని "సూది" అని ఒక్క మాట అని ఊరుకుంది. సూది పరీక్షతోనే బావ పళ్ళు పూర్తి చెయ్యాల్సి వచ్చింది. అదొక్కటే ఆయనకి గుచ్చుకుంటూ ఉండిపోయింది.

శనివారం సాయంత్రం బావ మెరుగుపెట్టడం ముగించి, పళ్ళని తడి దూదిలో చుట్టి నీలం డబ్బాలో పెట్టాడు. ఆ సంతోషంలో, దారిలో ఆడుకోవడానికి ఇంకో నీలం డబ్బా కూడా సంచిలో వేసుకున్నాడు. వస్తూ వస్తూ మూడో బెంచీ వెనక గోడ సందులో ఒక డబ్బా దాచి, ఫోన్లో గుర్తు పెట్టి, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. రెండో డబ్బాని రెండు చేతులతో అమ్మకి ఇచ్చాడు.

"రేపు పొద్దున అందరం ఉన్నప్పుడు తెరవండత్తయ్యా."

ఆదివారం పొద్దున అందరం ఉన్నాం. అమ్మ డబ్బా మూత తీసింది. లోపల పసుపురంగు ప్లాస్టిక్ బాతు, రెండు బొత్తాలు, పెన్సిలు ముక్క, చుట్టిన కాగితం. అమ్మ బాతుని తీసి అరచేతిలో పెట్టుకుని బావ వైపు చూసింది. బావ మొహం ఆయన చేసే ప్లాస్టరు దవడలా తెల్లగా అయిపోయింది. అక్క "చెప్పానా?" అనలేదు. ఆ నిగ్రహానికి మా అక్కకి బిరుదు ఇవ్వచ్చు.

"ఏం కాదు, దాచి పన్నెండు గంటలు కూడా కాలేదు. అక్కడే ఉంటాయి" అంటూ బావ ఫోన్ తీశాడు. తీసి, కుర్చీలో కూలబడ్డాడు.

ఈ ఆటలో నత్త అనే పేరుతో ఒకాయన ఉన్నాడు. ఎవరు ఏ డబ్బా దాచినా తెల్లారేసరికి మొదట దాన్ని చేరేది ఈ నత్తే. బావ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు గానీ మనసులో బద్ధశత్రువు. నత్త అప్పటికే రాసేశాడు. నేను పైకి చదివాను.

"ఫస్ట్ నేనే! లోపల కట్టుడు పళ్ళు! ఎంత సహజంగా ఉన్నాయండీ, చిగుళ్ళ మీద నరాలతో సహా! నవ్వలేక చచ్చాను. పళ్ళు తీసుకుని విజిల్ పెట్టాను. వీటిని ముందు దొరికే మరో డబ్బాలో పెట్టి ఇంకొకళ్ళని హడలగొడతాను."

"నరాలు గమనించాడు" అన్నాడు బావ, కళ్ళలో వెలుగుతో.

"బావా, నిన్నిక్కడే పాతేస్తాను. లే!"

నత్తకి ఫోన్ చెయ్యడానికి నంబరు లేదు. కబురు రాస్తే చూసుకోవడం లేదు. నేనూ, అక్కా, బావా బయల్దేరాం. స్కార్ఫు బిగించుకుని అమ్మ కూడా చెప్పులేసుకుంది. వద్దంటే గ్లాసు తీసి బల్ల మీద ఒక్కటి కొట్టింది. నలుగురం కలిసి నది దారి పట్టాం.

ఎండ ఇంకా ముదరలేదు. నది మీద పొగమంచు పల్చగా లేస్తోంది. రెల్లులో ఏవో పిట్టలు గోల చేస్తున్నాయి. ఆదివారం కాబట్టి నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, కుక్కలు తిప్పుతుంటే తిరిగేవాళ్ళు. ఈ అందాల మధ్య మేం నలుగురం పళ్ళు వెతుక్కుంటూ.

మూడో బెంచీ వెనక డబ్బాలో నత్త చెప్పినట్టే విజిల్ ఉంది, ఎర్రతాడుతో. బావ దాన్ని మెళ్ళో వేసుకున్నాడు. తర్వాతి డబ్బా దీపస్తంభానికి అంటుకున్న అయస్కాంతపు గొట్టం, అందులో ఒక్క పన్ను కూడా పట్టదు. ఆ తర్వాతిది గోడలో కదిలే రాయి వెనక. అందులో దువ్వెన, చక్రం ఊడిన బొమ్మకారు ఉన్నాయి. కాగితం మీద ఆ రోజు తేదీతో నత్త సంతకం. పళ్ళు మాత్రం లేవు.

ఇంకో డబ్బా రేవుకి ముందున్న మెట్ల కింద. బావ బోర్లా పడుకుని మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. పరుగెత్తే ఆయనొకాయన ఆగాడు.

"ఏం పోయిందండీ?"

"పళ్ళండీ."

"అయ్యయ్యో! ఇక్కడే పడ్డారా?"

"పడలేదండీ, నేనే పెట్టాను" అన్నాడు బావ రాళ్ళ లోపల్నుంచి. ఆ పెద్దమనిషి ఇంకేమీ అడక్కుండా, ముందుకంటే వేగంగా పరుగెత్తాడు.

ఆ డబ్బా చిన్నది. కాగితం మీద సిరా ఇంకా అంటుకుంటోంది. "పళ్ళు ఇందులో పట్టలేదు. పడవెక్కి అవతలి ఒడ్డున దాస్తాను. నత్త."

అవతలి ఒడ్డున ఎన్ని డబ్బాలున్నాయో బావకే తెలీదు. వాటిలో ఏదో ఒకదానిలో పడితే, అక్కణ్ణుంచి ఎవరి సంచిలోకి పోతాయో, ఏ ఊరు పోతాయో! బుద్ధిలేనివాడెవడో వాటిని అల్మారాలో అలంకారంగా పెట్టుకుంటాడు. అమ్మ మర్నాడు అద్దాల గదిలో స్కార్ఫుతో కూర్చుంటుంది. కూర్చోదు, అసలు వెళ్ళదు. ఆ తర్వాత ఇంక ఎప్పటికీ మాట్లాడదు. ఈ సంగతి నలుగురికీ ఒకేసారి తట్టినట్టుంది, నలుగురం పరుగందుకున్నాం.

మేం రేవు చేరేసరికి పడవ తాడు విప్పేశారు. మోటారు దడదడమంటోంది. పడవ ఒడ్డు వదిలి నాలుగు బారలు పోయింది. వెనక బల్ల మీద తెల్లటోపీ పెట్టుకున్న ఒకాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆయన వీపు సంచి మీద రంగులతో వేసిన నత్త.

"ఓ నత్తగారూ!" అని అరిచాను. లారీలకి అడ్డంపోయిన కుర్రాళ్ళని ఆపిన గొంతు నాది. మోటారు హోరులో కలిసిపోయింది. బావ గొంతు సంగతి చెప్పక్కర్లేదు, పక్క గదిలోకే వినపడదు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని బలంకొద్దీ ఊదాడు. రేవులో ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగారు, ఒక కుక్క కూడా కూర్చుంది. నత్త మాత్రం తిరగలేదు. తర్వాత తెలిసింది, ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారట. జన్మంతా విజిల్ ఊది ఇతరుల్ని ఆపిన మనిషి, తను ఆగాలని ఎలా తోస్తుంది?

పడవ ఇంకో రెండు బారలు పోయింది. బావ చేతులు వేలాడేసి నిలబడిపోయాడు. "అయిపోయింది అత్తయ్యా" అన్నాడు. ఆ మాటన్నప్పుడు నిజంగా ఆయన కళ్ళలో నీళ్ళు. అంతవరకు ఆయన్ని నదిలో తోసెయ్యాలనుంది నాకు. ఒక్కసారిగా ఆ కోపం ఎటుపోయిందో తెలీదు.

అమ్మ ఆయన్ని చూసింది. చూసి, మొహం మీంచి స్కార్ఫు లాగేసింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి!"

మైకు లేదు, స్తంభానికి లౌడ్‌స్పీకర్ లేదు, నోట్లో పన్ను లేదు. అయినా ఆ గొంతు నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకి పోయి తిరిగొచ్చింది.

"పడవలో హంచీ తగిలించుకుని కూచున్న నత్తగారు వెంటనే వెనక్కి రావలెను! మీ హంచీలో ఉన్న పళ్ళు నావి! మళ్ళీ తెలియజేయడమైనది, ఆ పళ్ళు నావి!"

మోటారు ఆగిపోయింది. పడవవాడు ఆపానని తనకే తెలీకుండా ఆపేశాడు. చిన్నప్పట్నుంచీ ఆ గొంతు చెప్తే బస్సెక్కినవాడు, దిగినవాడు. తెల్లటోపీ ఆయన దిగ్గున లేచి నిలబడ్డాడు, చేతులు రెండూ పక్కలకి ఆనించి.

రేవంతా అమ్మని చూస్తోంది. స్కార్ఫు చేతిలో ఉంది, నోరు తెరిచే ఉంది. అమ్మకి అప్పుడు తెలిసొచ్చినట్టుంది. చెయ్యి నోటి దాకా వెళ్ళింది. బెంచీ మీద కూర్చున్న ముసలాయనొకాయన కిచకిచ నవ్వాడు. అమ్మ గిరుక్కున తిరిగింది. చూస్తే ఆయన నోట్లోనూ ఒక్క పన్ను లేదు.

"బాగా అడిగావు తల్లీ" అన్నాడాయన.

అమ్మ చెయ్యి దించేసింది.

పడవ వెనక్కొచ్చింది. డ్రిల్లు మాస్టారు దిగి, చెవులు ఎర్రబడిపోయి, రుమాల్లో చుట్టిన పళ్ళని రెండు చేతులా అందించాడు.

"క్షమించండమ్మా, బొమ్మవనుకున్నాను. మీరు... మీరు బస్టాండు మేడమ్ కదూ?" అని, వెంటనే బావ మెడ వైపు చూసి, "మరి నా విజిల్ నాకిచ్చెయ్యండి. ఆట ఆటే కదా" అన్నాడు.

బావకి అదంతా ఎక్కడ పట్టింది? ఆయన అప్పటికే రేవు కుళాయి దగ్గర కూర్చుని, జేబులోంచి చిన్న బ్రష్షు తీసి పళ్ళు తోముతున్నాడు. నేనే ఆయన మెళ్ళోంచి విజిల్ తీసి ఇచ్చాను. కడగడం అయ్యాక బావ పళ్ళని వెలుతురుకి ఎత్తి తిప్పి తిప్పి చూసి అమ్మకిచ్చాడు. అమ్మ అటు తిరిగి పెట్టుకుంది. ఒకసారి కొరికింది, ఒకసారి నాలుక తిప్పింది. ఇటు తిరిగింది.

పాత ఫోటోల్లోని మా అమ్మ. పక్కపక్కన కొంచెం వంకరగా ఉన్న ఆ రెండు పళ్ళతో సహా.

"సన్నాసీ!" అంది అమ్మ.

బావ ఉలిక్కిపడ్డాడు.

"సన్నాసీ! నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నా పళ్ళు తీసుకెళ్ళి సందుల్లో దాస్తావా? బాతు! నాకు బాతునిస్తావా? సంసారం చేసుకునే మనిషివి, సిగ్గు లేదూ పొద్దస్తమానం బెంచీల కింద దూరడానికి? నువ్వో అల్లుడివి, అదో ఆట, దానికో సంచీ! సోమవారం నాడు మైకు ముందు ఏం పెట్టుకుని మాట్లాడమన్నావు నన్ను, ఆ బాతునా?"

ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారి తీర్చుకుంటున్నట్టు, ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా తిట్టింది. కుక్కలవాళ్ళు కుక్కల్ని దగ్గరకి లాక్కున్నారు. నేనూ అక్కా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఆ తిట్లు వింటూ నిలబడ్డాం. ఏ కచేరీ నేనంత ఇష్టంగా వినలేదు.

"అమ్మా, ఆయన్ని 'నువ్వు' అంటున్నావే!" అంది అక్క చివరికి.

అమ్మ నాలుక్కరుచుకుంది. కొత్త పళ్ళతో బాగానే కరుచుకుంది. గొంతు మళ్ళీ వెన్నపూస అయింది. "అయ్యో, అల్లుడుగారూ, ఏదో కోపంలో..."

బావ కుళాయి పక్కన అలాగే గొంతుక్కూర్చుని, తల ఒక పక్కకి వంచి, చెవి అమ్మ వైపు పెట్టి ఉన్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"అదొద్దత్తయ్యా. ముందుదే ఇంకోసారి అనండి. స దగ్గర సన్నగా ఈల వస్తోంది."

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత మళ్ళీ అంది. ఈసారి కోపం లేదు, తిట్టు మాత్రం ఉంది.

ఆ సాయంత్రమంతా మా ఇంట్లో అదే పని. అమ్మ తిడుతుంది, బావ వింటాడు, పళ్ళు తీయించి ఆకురాయితో రవ్వంత గీకుతాడు, మళ్ళీ పెట్టించి "ఊఁ, కానివ్వండి" అంటాడు. అమ్మకి తిట్లకి కొదవేం లేదు. బావ మొహం చూస్తే ఎవరో సన్మానం చేస్తున్నట్టుంది.

సోమవారం పొద్దున పాత బస్టాండు కిటకిటలాడింది. అద్దాల గదిలో అమ్మ, స్కార్ఫు లేకుండా, మైకు ముందు. బావ లౌడ్‌స్పీకర్ స్తంభం కిందే నిలబడ్డాడు. డ్రిల్లు మాస్టారు కూడా వచ్చాడు, మెళ్ళో విజిల్‌తో.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ స్టాండు నుంచి బయలుదేరు ఆఖరి సర్వీసు మూడవ ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు తమ సామాన్లు సరిచూసుకొని, సావధానముగా బస్సు ఎక్కవలెను. ఇంతవరకు సహకరించినందుకు కృతజ్ఞతలు. సెలవు."

ఎన్ని స-లో! అన్నీ ముత్యాల్లా రాలాయి. బస్సు కదిలింది, జనం చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు కూడా. మైకు కట్టెయ్యడం అమ్మ మర్చిపోయిందో, మర్చిపోయినట్టు నటించిందో తెలీదు, లౌడ్‌స్పీకర్లో ఆ గొంతు మళ్ళీ వినిపించింది.

"అల్లుడుగారూ, ఈల వచ్చిందా?"

బస్టాండు బస్టాండంతా అల్లుడుగారు ఎవరా అని వెనక్కి తిరిగింది. బావ స్తంభం కింద నుంచి రెండు చేతులూ ఎత్తి, తన సన్నటి గొంతుతో "లేదత్తయ్యా!" అని అరిచాడు. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

"వినపడట్లేదు సన్నాసీ!" అంది లౌడ్‌స్పీకరు. "గట్టిగా చెప్పు!"